తోప్ కా సాంచా - గన్‌ఫౌండ్రీ తొలి రోజులు

హైదరాబాదులో ఆబిడ్స్ దాటి ఫతే మైదాన్ వైపు వెళ్ళేవారికి గన్‌ఫౌండ్రీ పేరు కొత్త కాదు. కానీ ఆ పేటకు ఆ పేరు ఎందుకు వచ్చిందని అడిగితే మన పిల్లల్లో ఎంతమంది చెప్పగలరు? మన పెద్దలు దాన్ని ‘తోప్ కా సాంచా’ అనేవాళ్ళు. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే మూస. ఫిరంగులు పోతపోసిన కార్ఖానా అక్కడ ఉండేది. దాని మందపాటి గోడలు కొన్ని ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. ఆ కార్ఖానా ఎలా వచ్చిందో, ఎలా పోయిందో ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పాలని మా ఉద్దేశం.

దక్కనులో ఫిరంగి పని అంతకు ముందు నుంచే ఉంది. గోల్కొండ పెట్లబురుజు మీది ‘ఫతే రహబర్’ ఫిరంగిని చూసినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. ఔరంగజేబు కాలంలో దాన్ని పోసిన ఉస్తాదు ముహమ్మద్ అలీ అరబ్ పేరు దాని మీదే చెక్కి ఉంది. పనివాడి పేరు పని మీద నిలిచిన రోజులవి.

ఆ తర్వాత నూరేళ్ళకు, రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ పాలనలో, రాజ్యానికి రెండు వైపులా భయం. పడమట మరాఠాలు, దక్షిణాన మైసూరు. పాత పద్ధతి గుర్రపు దళాలు ఇక చాలవని తేలిపోయింది. అప్పుడు వచ్చాడు మిషెల్ రేమండ్ అనే ఫ్రెంచివాడు. 1755లో పుట్టి, 1775లో పుదుచ్చేరి చేరి, బుస్సీ దగ్గర పనిచేసినవాడు. బుస్సీ 1785లో చనిపోయాక నిజాం కొలువులో చేరాడు. మొదట అతని కింద ఉన్నది 300 మంది సిపాయిలేనట. వాళ్ళ చేతుల్లోని తుపాకులు కూడా సొంతవి కావు, తుపాకికి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చినవని చరిత్రకారులు రాశారు.

అద్దె తుపాకితో ఎంతకాలం? 1786లో ఈ కార్ఖానా వెలిసింది. ఇక్కడ ఫిరంగులు, గుండ్లు తయారయ్యేవి.

ఫిరంగి పోయడం అంటే తమాషా కాదు. రాగి, తగరం సరైన పాళ్ళలో కరిగించాలి. మట్టి మూసను ఎండబెట్టాలి. అందులో పిసరంత తేమ మిగిలినా కరిగిన లోహం చిమ్మి మనుషుల ప్రాణాలు పోతాయి. చల్లారాక లోపలి గొట్టం తిన్నగా, నున్నగా ఉండాలి. లోపల ఎక్కడ బుడగ ఉన్నా పేల్చిన రోజున మన ఫిరంగి మన మనుషులనే చంపుతుంది. ఇంత పని చేసిన చేతులు ఈ నగరంలోనే ఉండేవి.

1795లో ఖర్దా దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధంలో నిజాం ఓడిపోయినా రేమండ్ దళం గట్టిగా నిలబడిందని పేరు తెచ్చుకుంది. కాలక్రమంలో ఆ 300 మంది సుమారు 14,000 అయ్యారు. ఇదే ఇంగ్లీషు వాళ్ళకు కంటగింపు అయింది. 1798 మార్చి 25న రేమండ్ కన్నుమూశాడు. ఆ సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి, బదులుగా కంపెనీ సైన్యాన్ని ఉంచుకోవాలి, అందుకు సాలుకు 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించాలి. అక్టోబరులో జీతం బకాయిల కోసం సిపాయిలు తమ దొరల మీదే తిరగబడి ఉండగా కంపెనీ సైన్యం చుట్టుముట్టింది. 22వ తేదీన రక్తపాతం లేకుండానే 14,000 మంది ఆయుధాలు కింద పెట్టారు. ఆ దళాన్ని నమ్ముకున్న కార్ఖానా వైభవం కూడా దానితోనే ముగిసింది.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. అద్దె తుపాకులతో మొదలై సొంత కొలిమి దాకా వచ్చిన రాజ్యం, పన్నెండేళ్ళలోనే అద్దె సైన్యం దగ్గరకు చేరింది. ఎనిమిది అణాల అద్దె 24 లక్షలయింది! ఆ కొలిమి యుద్ధంలో కూలలేదు. ఒక దొరను, ఒక దళాన్ని మాత్రమే నమ్ముకుని నిలిచింది గనుక, వాళ్ళతోపాటే చల్లారింది.

రేమండ్‌ను జనం మరచిపోలేదు. ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి దగ్గరకు వర్ధంతి రోజున రెండు మతాల వారూ వెళ్ళే ఆనవాయితీ చాలాకాలం నడిచింది. మంచిదే. కానీ బట్టీ ముందు చెమటోడ్చిన కార్మికుల పేరు ఏ బాగుకూ, ఏ పేటకూ లేదు.

ఆయుధాల గొప్ప చెప్పుకోవడం మా ఉద్దేశం కాదు. ఎవరి ప్రాణాలూ తీయని పనులు ఈనాడు వెయ్యి ఉన్నాయి. మేము చెప్పేది ఒక్కటే: హునరు ఎవరిదో ఒకరి దయ మీద నిలబడకూడదు, ఇంటింటా పాతుకోవాలి. మన వెల్డరు, ఫిట్టరు, లేతు పనివాడు తన పనిని తన పిల్లలకే కాదు, పక్కింటి పిల్లలకూ నేర్పాలి. పిల్లలకు ఆ గోడలు ఒకసారి చూపించండి. చూపించి, ఈ కథ చెప్పండి.