గురి

గురి అంటే లక్ష్యం. కన్నడంలోనూ గురే, తమిళంలో కుఱి. అక్కడ దానికి గుర్తు అన్న అర్థమూ ఉంది. మన 'గురుతు' కూడా ఆ కుదురుదే. ఒకచోట గుర్తు పెట్టుకుంటేనే కదా గురి చూసేది! బాణం దెబ్బ తగిలినవాడు దానికి 'గురయ్యాడు' అంటాం. మనిషి మీద నమ్మకమూ గురే: 'ఆ డాక్టరంటే మా అమ్మకు గురి.'

గురి తగిలే అవకాశానికీ ఒక లెక్క ఉంది. హైదరాబాద్‌లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ డేటా సైన్స్ నేర్చుకునే పిల్లలకు లాజిస్టిక్ రిగ్రెషన్ పాఠం తెలుసు. అవునా, కాదా అన్న ఫలితానికి అవకాశమెంతో చెప్పే లెక్క అది. ఫుట్‌బాల్‌లో గురిపెట్టిన షాట్ గోలయ్యే అవకాశాన్ని కొలిచే 'ఎక్స్‌పెక్టెడ్ గోల్స్'కూ తరచూ అదే ఆధారం. గోలుకు దూరమెంత, కోణమెంత, కాలితో తన్నాడా, తలతో కొట్టాడా చూసి, ప్రతి షాట్‌కూ 0కీ 1కీ మధ్య ఒక అంకె ఇస్తారు. 11 మీటర్ల నుంచి తన్నే పెనాల్టీకి అది 0.75 దాటుతుంది. అంటే నాలుగు తంతే దాదాపు మూడు గోల్స్.

2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్ ఫైనల్ 1-1 దగ్గర ఆగి పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లింది. కేరళ బ్లాస్టర్స్ తన్నిన నాలుగింటిలో మూడింటిని హైదరాబాద్ ఎఫ్‌సీ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆపేశాడు. 3-1తో కప్పు మన ఊరికొచ్చింది.

లెక్క తప్పలేదు; వందల పెనాల్టీల సగటు అది. ఆ రాత్రి కేరళవి నాలుగే పెనాల్టీలు, ఎదురుగా కట్టిమణి. అందుకే లెక్క మీద ఎంత గురి ఉన్నా, ఆట చూడటానికి మళ్లీ కూర్చుంటాం.