ఎస్ప్రెస్సో కాఫీ యంత్రం: అధిక శబ్దానికి కారణాలు, నివారణ

ఇళ్లలో వాడే ఎస్ప్రెస్సో యంత్రాలలో అధిక భాగం కంపన పంపుతో పనిచేస్తాయి. మన దేశపు విద్యుత్తుపై దానిలోని చిన్న పిస్టన్ సెకనుకు 50 సార్లు ముందుకు, వెనుకకు కదులుతూ నీటిని కాఫీ పొడిలోనికి నెడుతుంది. కాఫీ దిగడానికి సుమారు 9 బార్ల ఒత్తిడి అవసరం. కనుక కొంత గురగుర సహజమే. అకస్మాత్తుగా పెరిగిన శబ్దమే లోపానికి సూచన.

మొదట నీటి తొట్టెను పరిశీలించాలి. నీరు తగ్గినా, తొట్టె సరిగా అమరకపోయినా పంపులోనికి గాలి చేరి పెద్దగా మోగుతుంది. తొట్టె నింపి, వేడినీటి గొట్టం తెరచి, ధార నిలకడగా వచ్చేవరకు నడపాలి. నీరు లేకుండా నడిపితే పంపు కాలిపోయే ప్రమాదముంది.

నీరు చక్కగా వస్తూనే గలగలమంటే కప్పులో, అడుగు పళ్లెమో అదురుతున్నట్లు. యంత్రం కింద రబ్బరు పలక వేస్తే అదురు తగ్గుతుంది.

శబ్దం బరువెక్కి, కాఫీ చుక్కలుగా పడుతుంటే పొడి వేయకుండా నడిపి చూడాలి. ధార సాఫీగా వస్తే పొడి మరీ మెత్తనిదని అర్థం. అప్పుడూ రాకపోతే లోపల సున్నపు పొర పేరుకొని ఉండవచ్చు. కోలారు వంటి సరిహద్దు ప్రాంతాలలో కఠిన జలమున్న బోరునీరు వాడే ఇళ్లలో ఈ పొర త్వరగా ఏర్పడుతుంది. తయారీదారు సూచించిన ద్రావణంతోనే దానిని తొలగించాలి.

ఒత్తిడి ఉండగా పొడి పిడిని విప్పరాదు. మరిగే కాఫీ చిమ్మి ముఖం, చేతులు కాలుతాయి. ప్లగ్గు తీయనిదే యంత్రం మూత తెరవరాదు. ఇన్ని చేసినా శబ్దం తగ్గకుంటే పంపును మెకానిక్కుకు చూపించాలి.