చంపకమాలలో ఇరవై అంకెలు

చదరంగం పలక మీద అరవై నాలుగు గళ్లు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా గడిగడికీ రెట్టిస్తూ పోతే మొత్తం 18446744073709551615 గింజలు. ఈ ఇరవై అంకెల సంఖ్యను పావులూరి మల్లన తెలుగులో ఒక చంపకమాలలో ఇమిడ్చాడు.

9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని తెనిగించినవాడు మల్లన. అప్పటికి కావ్యభాషగా ఇంకా నిలదొక్కుకుంటున్న తెలుగు, ఆయన చేతిలో లెక్కల భాష కూడా అయింది.

పద్యంలో అంకెలెలా ఇముడుతాయి? భూతసంఖ్యలతో. చంద్రుడు ఒకటి, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, మన్మథుడి బాణాలు అయిదు, కొండలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు చదువుకుంటూ పోవాలి. పద్యం తొలి మాట బాణం, అంటే అయిదు. ఇరవయ్యో మాట చంద్రుడు, అంటే ఒకటి. ఏనుగుకూ చంద్రుడికీ బోలెడు పర్యాయపదాలున్నాయి గనక గణాలకు సరిపోయే మాటను కవి ఏరుకోవచ్చు. నాలుగు అనే అంకె నాలుగుసార్లు వస్తే రెండుసార్లు సముద్రం, ఒకసారి వేదం, ఇంకోసారి బ్రహ్మ ముఖాలు వచ్చాయి. రెండు పాదాలు నిండి సంఖ్య మూడో పాదంలోకి పొంగింది. తాటాకు మీద రాయసగాడు ఒక మాట జారవిడిస్తే యతి గానీ గణం గానీ వెంటనే పట్టిచ్చేస్తుంది.

మల్లన కంటే ముందే, 1000 ప్రాంతంలో, పండితుడు అల్‌బిరూనీ కూడా ఇదే లెక్క కట్టాడు. అరవై నాలుగుసార్లు రెట్టించకుండా వర్గాలు చేసుకుంటూ పోయాడు: 2, 4, 16, 256, 65536, 4294967296. చివరిదాన్ని మరోసారి వర్గం చేసి ఒకటి తీసేస్తే సరి.

ఆ వర్గాల దారిలోనే సంఖ్య లోగుట్టూ ఉంది. ఏ వర్గం నుంచి ఒకటి తీసినా రెండు ముక్కలుగా విడిపోతుంది. అలా విడగొడుతూ పోతే 3, 5, 17, 257, 65537, 4294967297 మిగులుతాయి. ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దిలో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ చివరిదాన్ని 641తో భాగించి చూపాడు. భాగఫలం 6700417.

నేటి 64 బిట్ల కంప్యూటర్లో గుర్తు లేని పూర్ణసంఖ్యకు గరిష్ఠ హద్దు కూడా మల్లన పద్యంలోని ఆ ఇరవై అంకెల సంఖ్యే. అరవై నాలుగు గళ్లలోనూ ఒకట్లే. మరొక్కటి కలిపితే గళ్లన్నీ సున్నలైపోతాయి. మల్లన లెక్కలో చెబితే, అరవై నాలుగు ఆకాశాలు.