సాళువ అంటే డేగ

సామల్పట్టి రైల్వే స్టేషను దాటి ఊరివైపు నడుస్తుంటే, ఒక ఇంటి ముందర చింతచెట్టు మీదినుండి పావురమంత పక్షి ఒకటి సర్రున కిందికి దిగింది. పెరట్లో కోడి గోల పెట్టింది. పలక పట్టుకొని కూర్చున్న పిల్లవాడు "వల్లూరు! వల్లూరు!" అని అరిచాడు. లోపలినుండి వాళ్ల అవ్వ "జాలెడేగ రా, పిల్లల్ని గంపకింద ముయ్" అంటూ పరుగున వచ్చింది. పక్షి ఒకటే, ఇల్లూ ఒకటే, పేర్లు మాత్రం రెండు. పిల్లవాడికి బడి ఇచ్చింది తమిళ పేరు. అవ్వ నోట ఉన్నది తెలుగు పేరు. ఆ పిల్లవాడు పెద్దవాడయ్యాక అవ్వ మాట ఎవరి నోట వినబడుతుంది?

నేను బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి, పక్షిశాస్త్రం చదివినవాణ్ణి కాను. అయినా ఆ మాట నన్ను వదలలేదు. దాన్ని పట్టుకొని వెతుకుతూ పోతే మన చరిత్రలోకే దారి తీసింది.

విజయనగరాన్ని ఏలిన నాలుగు వంశాలలో రెండవది సాళువ వంశం. ఈ పేరు బడి పుస్తకాల్లో అందరమూ చదివాం, అర్థం అడిగినవాళ్లు తక్కువ. సాళువం అంటే వేటడేగ. పద్నాలుగో శతాబ్దంలో బుక్కరాయల కొడుకు కంపరాయలు ముళబాగిలు నుండి దండెత్తి, పడైవీటి శంబువరాయలను గెలిచి, ఆ పైన మధుర సుల్తానుల మీదికి వెళ్లాడు. ముళబాగిలు మన కృష్ణగిరికి ఎగువన ఉంది, పడైవీడు తూర్పున ఉంది. అంటే ఆ దండయాత్ర నడిచింది మన ఇరుగుపొరుగు సీమల్లోనే. ఆ సేనలోని వీరుడు సాళువ మంగిదేవుడు. డేగ పేరిటి ఆ బిరుదు అతని సంతతికి వంశనామమైంది. ఆ వంశంవాడే చంద్రగిరి నేలిన సాళువ నరసింహుడు. 1485లో విజయనగర సింహాసనమెక్కి 1491 దాకా పాలించాడు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు జైమినిభారతాన్ని అంకితమిచ్చింది ఇతనికే.

ఒక వీరుణ్ణి డేగ అని పిలిస్తే అది పొగడ్త కావాలంటే, వినేవాళ్లకు డేగవేట తెలిసి ఉండాలి. అది ఎంత పాతదో చూడండి. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో మానసోల్లాసమనే సంస్కృత గ్రంథం రాశాడు. అందులో రాజుల వినోదాలలో శ్యేనవినోదం ఒకటి. శ్యేనమంటే డేగ. తరువాత ఉత్తరాన కుమావూను రాజు రుద్రదేవుడు శ్యైనికశాస్త్రం పేరుతో ఈ విద్య మీదనే ఒక గ్రంథం రాశాడు. మొగలుల కొలువులో ఈ వేటకు ప్రత్యేక సిబ్బందే ఉండేది.

పెద్ద బైరిడేగలు రాజులకూ నవాబులకూ చెల్లితే, సామాన్యుడి చేతిమీదికి వచ్చింది మాత్రం చిన్న జాలెడేగ. హిందుస్తానీలో దీన్ని షిక్రా అంటారు. ఆ పేరు కూడా నిజానికి ఆడపక్షిదే, మగదాన్ని చిపక్ అనేవాళ్లు. డేగల్లో ఆడదే పెద్దది, బలమైనది. అందుకే వేటగాళ్లు దానినే ఎక్కువగా కోరేవారు. పాతకాలపు వేటగాళ్లు డేగలను కళ్లనుబట్టి రెండు తెగలుగా విడదీశారు. నల్లకళ్లవి ఆకాశంలో పైకెగిరి వేటమీద పడేవి. పచ్చకళ్లవి చెట్లచాటు నుండి ఒక్క ఊపున దూకేవి. జాలెడేగ ఈ రెండవ తెగది.

దాన్ని పట్టే పద్ధతి ముచ్చటైనది. చిన్న పంజరంలో ఎలుకనో పిచ్చుకనో పెట్టి, పంజరం పైన గుర్రపు వెంట్రుకలతో ఉచ్చులు కట్టేవారు. డేగ వచ్చి వాలితే కాళ్లు ఉచ్చుల్లో తగులుకునేవి. దీని పేరు బాల్‌ఛత్రి, అంటే వెంట్రుకల గొడుగు. మన దేశపు ఈ పనిముట్టును అమెరికా పక్షిశాస్త్రజ్ఞులు తీసుకొని, డేగల కాళ్లకు గుర్తు ఉంగరాలు తొడగడానికి వాడారు. 1959లో దాని గురించి వ్యాసం కూడా అచ్చువేశారు. నేటికీ అక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు.

పట్టిన పక్షిని మచ్చిక చేయడం ఓపికతో కూడిన పని. మొదట రెప్పలను దారంతో కుట్టి, రోజురోజుకూ కొంచెం వదులు చేసేవారు. ఇది చదువుతుంటే మనకు ఒళ్లు జలదరిస్తుంది. కాళ్లకు మెత్తని తోలుపట్టీలు కట్టి, పగలూ రాత్రీ చేతిమీద పెట్టుకొని జనసమ్మర్దంలో తిప్పేవారు. తిండి చేతిమీదనే పెట్టేవారు. ఆకలి ఎక్కువైతే పక్షి నీరసిస్తుంది, కడుపు నిండితే చేతికి తిరిగి రాదు. ఆ రెంటి నడుమ తూకం తప్పకుండా చూడడమే ఈ విద్యకు ప్రాణం. మొదట పొడుగు దారం కట్టి పిలిచేవారు. నమ్మకం కుదిరాక దారం విప్పేసేవారు. వేటలో జాలెడేగను గుప్పిట పట్టుకొని, పూరేడు లేవగానే బంతి విసిరినట్టు దానివైపు విసిరేవారు. పూరేళ్లూ కౌజులే కాదు, కాకులు కూడా దానికి వేటే.

ఈ సంగతులు రాసిపెట్టినవారిలో ముఖ్యుడు జెర్డన్ దొర. మద్రాసు సైన్యంలో వైద్యుడు, నెల్లూరులో కూడా పనిచేశాడు. 1862లో మొదలైన తన భారతదేశ పక్షుల గ్రంథంలో ఇంగ్లీషు పేర్ల పక్కన తెలుగు పేర్లూ ఎక్కించాడు. జాలెడేగ అందులో ఉంది. తురుముతీ అనే చిన్న డేగను పాలపిట్ట మీదికి వదిలేవారని కూడా రాశాడు. దసరానాడు మనం చూసి దణ్ణం పెట్టుకునే పాలపిట్టకు ఆ గతి పట్టిందా అనిపిస్తుంది.

ఇప్పుడు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద డేగను పట్టడమూ పెంచడమూ నేరం. డేగవేటను 2010లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. 2021 నాటికి ఆ పట్టికలో ఇరవైనాలుగు దేశాలు చేరాయి. పాకిస్తాన్ ఉంది, మన దేశం లేదు. నాకు దానికి బాధ లేదు. కళ్లు కుట్టే ఆ విద్య తిరిగి రానక్కరలేదు, పక్షి చెట్టుమీద ఉంటే చాలు.

నా బెంగ మాట గురించి. పక్షికి చట్టం కాపలా ఉంది, మాటకు ఎవరున్నారు? 2006 చట్టం తరువాత మన పిల్లల బడిచదువులో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే. వల్లూరు కూడా చక్కని మాటే. కానీ దానితోపాటు జాలెడేగ కూడా ఆ పిల్లవాడికి దక్కాలి. లేకపోతే రేపు సాళువ నరసింహరాయలు అన్న పేరు చదివి, అందులో ఒక పక్షి ఉందని కూడా వాడికి తెలియకుండా పోతుంది.

చదువరులకు ఒక మనవి. మీ ఇంట అవ్వాతాతలుంటే ఒక సాయంత్రం పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టి, చెట్టుమీది పక్షుల పేర్లు అడిగించండి. పిల్లల చేతనే నోటుపుస్తకంలో రాయించండి. ఆ రోజు సామల్పట్టిలో కోడిపిల్ల గంపకిందికి చేరి బతికిపోయింది. అవ్వ మాటను దాచుకోవడానికి మన దగ్గర ఆ నోటుపుస్తకమైనా ఉండాలి.