పిన్నీసు నుంచి పాకెట్ దాకా

పసిబిడ్డకు కట్టే గుడ్డ మూడు పనులు చేయాలి. తడిని పీల్చుకోవాలి. పీల్చుకున్న తడిని పక్కబట్టలకు అంటనివ్వకూడదు. బిడ్డ ఒంటికీ అంటనివ్వకూడదు. తరతరాలుగా గుడ్డ చేసింది మొదటి పని ఒక్కటే. మిగతా రెండూ తల్లి చేతుల మీద పడ్డాయి. తడిసిన వెంటనే విప్పడం, ఉతకడం, ఆరేయడం, మళ్లీ కట్టడం. ఇవాళ మనం క్లాత్ డైపర్ అంటున్నది ఈ మూడు పనులనూ మూడు పొరలకు పంచి ఇచ్చిన వస్తువు. ఒక్కో పొర ఒక్కో చోట, ఒక్కో అవసరం కోసం పుట్టింది. ఏ పొర ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని ఎలా ఉతకాలో ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

ఈ మార్పుల్లో అన్నిటికన్నా ముందు వచ్చింది పిన్నీసు. న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ అనే మెకానిక్‌కు పదిహేను డాలర్ల అప్పు ఉండేది. ఒక ఇత్తడి తీగ ముక్కను వంచుతూ కూర్చుని, మొన గుచ్చుకోకుండా మూతలోకి దూరే పిన్ను తయారుచేశాడు. 1849లో పేటెంటు తీసుకుని, హక్కులను నాలుగు వందల డాలర్లకు అమ్మేసి అప్పు తీర్చుకున్నాడు. పడమటి దేశాల్లో మరో నూరేళ్లు పసిపిల్లల గుడ్డ నిలిచింది ఈ పిన్నీసు మీదే. చతురస్రంగా మడిచిన నూలు గుడ్డ, నడుముకు అటొకటి ఇటొకటి పిన్నీసు, పైన రబ్బరు చెడ్డీ. రబ్బరు తడిని ఆపేది గానీ గాలినీ ఆపేసేది. లోపల ఉక్కకు బిడ్డ తొడలు ఎర్రగా కందిపోయేవి.

మన ఇళ్లలో పిన్నీసు అక్కరే రాలేదు. మొలతాడు ఉంది కదా. పాత పంచెలోంచో నేత చీరలోంచో చింపిన మెత్తటి పీలికను ముందూ వెనకా మొలతాట్లోకి దోపితే గోచి అయిపోయేది. గట్టిగా బిగించే పని లేదు, గాలి ఆడుతుంది, తడిస్తే క్షణంలో లాగేసి ఇంకోటి దోపొచ్చు. ఎండ బాగా కాసే ఊళ్లకు, నేల మీద చాపేసుకుని బతికే ఇళ్లకు అది చక్కగా సరిపోయింది. అయితే ఆ ఏర్పాటుకు అమ్మమ్మో మేనత్తో ఎప్పుడూ పక్కన ఉండాలి. గుడ్డలు ఉతికేవాళ్లు ఉండాలి. రాత్రంతా ఎవరో ఒకరు లేస్తూ ఉండాలి. ఆ మనుషుల శ్రమను లెక్కలోంచి తీసేసి గోచిని మెచ్చుకోవడం న్యాయం కాదు.

అసలు మలుపు 1946లో వచ్చింది. అమెరికాలో కనెటికట్ రాష్ట్రం, వెస్ట్‌పోర్ట్ ఊరు. మేరియన్ డోనవన్ అనే ఇల్లాలు స్నానాల గదిలో తెరగా కట్టిన నీరు దిగని పరదాను దించి, కత్తిరించి, కుట్టుమిషన్ మీద వేసింది. ఆమె తండ్రి, ఆయన సోదరుడు యంత్రాలు కనిపెట్టి ఫ్యాక్టరీ నడిపినవాళ్లు. చిన్నతనమంతా ఆ ఫ్యాక్టరీలో తిరిగిన పిల్ల. పెళ్లికి ముందు వోగ్ పత్రికలో పనిచేసింది. మార్చిన ప్రతిసారీ బిడ్డ గుడ్డతో పాటు బట్టలు, దుప్పటి, పరుపు కూడా తడిసి ఉండడం ఆమెకు విసుగు పుట్టించింది. పరదాతో ఒక నమూనా, మరో నమూనా, ఇంకో నమూనా. చివరికి పారాచూట్లు కుట్టే నైలాన్ గుడ్డ దగ్గర ఆగింది. అది తడిని ఆపింది, రబ్బరులా ఉక్కబోయలేదు. పిన్నీసులు తీసేసి టిచ్ బటన్లు పెట్టింది. పడవ ఆకారంలో ఉందని దానికి బోటర్ అని పేరు పెట్టింది. తయారీదారులెవరూ ఆసక్తి చూపలేదు. ఎవరూ అడగని వస్తువన్నారు. ఆమె తానే చేయించుకుని 1949లో న్యూయార్క్‌లోని శాక్స్ ఫిఫ్త్ అవెన్యూ దుకాణంలో అమ్మకానికి పెట్టింది. విపరీతంగా అమ్ముడైంది. 1951లో పేటెంట్లు వచ్చాయి. ఆ ఏడే హక్కులను కెకో అనే సంస్థకు పది లక్షల డాలర్లకు ఇచ్చేసింది. హంట్‌కు దక్కిన నాలుగు వందల పక్కన ఈ పది లక్షలు పెట్టి చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. నలభై దాటాక యేల్‌లో ఆర్కిటెక్చర్ డిగ్రీ కూడా తీసుకుందామె.

సరిగ్గా అదే కాలంలో అట్లాంటిక్‌కు అవతలి ఒడ్డున ఇంకో తల్లి ఇదే పనిలో ఉంది. బ్రిటన్‌లో సైనికాధికారి భార్య వాలెరీ హంటర్ గోర్డన్. 1947లో మూడో బిడ్డ పుట్టాక, ఉతకడం ఇక తన వల్ల కాదనుకుంది. ఆమె చేతికి దొరికిందీ పారాచూట్ నైలానే. యుద్ధం అయిపోయి మిగిలిన సరుకు అది. దాంతో పైచెడ్డీ కుట్టి, లోపల దూదితో, సెల్యులోజ్ పీచుతో చేసిన ప్యాడ్ పెట్టింది. ప్యాడ్ పారేయొచ్చు, చెడ్డీ కడిగి మళ్లీ వాడుకోవచ్చు. చుట్టుపక్కల సైనికుల భార్యలు మాకూ కావాలంటే వంటింటి బల్ల మీదే నాలుగు వందలకు పైగా కుట్టి ఇచ్చింది. పాడీ అని పేరు పెట్టిన ఆ వస్తువును తయారుచేయడానికి 1949లో చెస్టర్‌ఫీల్డ్‌లోని రాబిన్‌సన్స్ కంపెనీ ఒప్పుకుంది.

ఒకరికొకరు తెలియని ఈ ఇద్దరూ చేసింది ఒకటే. పీల్చే పొరను, ఆపే పొరను వేరుచేశారు. క్లాత్ డైపర్ చరిత్రలో ఇంతకు మించిన ఆలోచన నాకు కనిపించదు. తర్వాత వచ్చినవన్నీ దీనికి చేర్పులే.

ఆ తర్వాత చాలాకాలం గుడ్డ వెనకబడింది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో విక్టర్ మిల్స్ అనే ఇంజనీరు మనవలకు గుడ్డలు మార్చలేక విసిగి, పారేసే డైపర్ మీద తన బృందంతో పనిచేయించాడు. 1961లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియా ఊళ్లో పాంపర్స్‌ను అమ్మి చూశారు. ఒక్కోటి పది సెంట్లు. ఖరీదు ఎక్కువని జనం కొనలేదు. ధర తగ్గించాక ఆగలేదు. తర్వాత తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని జెల్లీగా పట్టి ఉంచే పాలిమర్ పొడి వచ్చి చేరింది. దానికి దారితీసిన పిండి పదార్థపు పరిశోధన కూడా అదే పియోరియాలోని ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగశాలలో జరిగింది. రాత్రంతా పొడిగా ఉంచే ఆ సౌకర్యంతో పోటీపడగల గుడ్డ అప్పట్లో లేదు.

పోటీపడే గుడ్డ పసిపిల్లల కోసం పుట్టలేదు. కొండలెక్కేవాళ్ల కోసం పుట్టింది. మసాచుసెట్స్‌లోని మాల్డెన్ మిల్స్ 1970ల చివర్లో పాలియెస్టర్‌తో ఫ్లీస్ అనే బొచ్చుగుడ్డ నేసింది. పాలియెస్టర్ పోగు నీటిని దాదాపుగా తాగదు, పోగుల సందుల్లోంచి అవతలికి దాటించేస్తుంది. కొండ మీద చెమట పట్టినా ఒళ్లు పొడిగా ఉండాలంటే అదే కావాలి. బిడ్డ ఒంటికి కావలసిందీ అదే. ఇక ఆపే పొర విషయం. పాలియెస్టర్ అల్లిక గుడ్డకు పలుచటి పాలియురెథేన్ పొర అతికించి చేసే గుడ్డను పియుఎల్ అంటారు. ఆసుపత్రి పరుపుల తొడుగులకు వాడే రకం. నీటిని ఆపుతుంది, మెత్తగా వంగుతుంది, వేడినీళ్ల ఉతుకును తట్టుకుంటుంది.

1990ల చివర్లో లూసియానా రాష్ట్రంలో టెరెసన్ డుపుయీ అనే తల్లి కొడుకు ఒంటి మీది దద్దుర్లు తగ్గక ఈ రెండిటినీ కలిపింది. బయట పియుఎల్, లోపల ఫ్లీస్, రెండిటినీ మూడు వైపులా కుట్టి నాలుగో వైపు తెరిచి ఉంచింది. సంచీ అయింది. పీల్చే ప్యాడ్‌ను ఆ సంచీలోకి దోపాలి, ఉతికేటప్పుడు బయటకు లాగాలి. చూడడానికి చిన్న మార్పు. కానీ అన్ని పొరలనూ కలిపి కుట్టేస్తే మందమైన ఆ గుడ్డ రోజంతా ఆరదు. విడదీస్తే పైగుడ్డ గంటల్లో ఆరిపోతుంది. ఫజీబన్స్ పేరుతో ఆమె అమ్మిన ఆ పాకెట్ డైపరే ఇవాళ మన దగ్గర దొరికే చాలా రకాలకు మూలం. తర్వాత ముందువైపు వరుసలుగా టిచ్ బటన్లు వచ్చాయి. వాటిని పైకీ కిందికీ పెట్టుకుంటే నెలల బిడ్డకు సరిపోయినదే రెండేళ్ల బిడ్డకూ సరిపోతుంది. మన దేశంలో 2016లో ముంబైలో పల్లవి ఉటగి మొదలుపెట్టిన సూపర్‌బాటమ్స్ లాంటి సంస్థలు దీన్ని మన వేడికీ మన ఉతుకుకీ తగ్గట్టు తయారుచేస్తున్నాయి. ఆమెను ఈ దారి పట్టించిందీ కొడుకు ఒంటి మీది దద్దుర్లే.

ఇప్పుడు ఉతుకు సంగతి. పీల్చే ప్యాడ్‌ది నూలు, వెదురు విస్కోస్, హెంప్ నార లేక మైక్రోఫైబర్. కొత్త నూలు ప్యాడ్ మొదటి రోజే కడితే కారుతుంది. పత్తిలో సహజంగా ఉండే నూనె, మైనం ఇంకా పోగులను వదల్లేదు. నాలుగైదు ఉతుకుల తర్వాత గానీ అది పూర్తిగా పీల్చదు. చాలామంది తల్లులు ఈ సంగతి తెలియక మొదటి వారంలోనే పక్కన పడేస్తారు. మైక్రోఫైబర్ త్వరగా పీలుస్తుంది, నొక్కితే వదిలేస్తుంది, చర్మంలోని తేమను కూడా లాగేస్తుంది. దాన్ని పాకెట్ లోపలే ఉంచాలి, నేరుగా ఒంటికి తగలనివ్వకూడదు.

ఫ్లీస్‌కు శత్రువు జిడ్డు. మనకు పసిబిడ్డకు నూనె మర్దన చేయనిదే పొద్దు గడవదు. మర్దన తర్వాత శనగపిండితో బాగా రుద్ది స్నానం చేయించకుండా డైపర్ కడితే నూనె పోగులకు పట్టి, తడి లోపలికి దిగకుండా పైపైనే జారి పక్కనుంచి కారుతుంది. దద్దుర్లకు రాసే జింక్ క్రీములూ అంతే. రాయక తప్పకపోతే మధ్యలో పలుచటి గుడ్డ పరవండి. బట్టలు మెత్తబడడానికి వేసే కండిషనర్ పోగుల మీద పొరలా పేరుకుంటుంది కాబట్టి అది అసలు వద్దు.

అన్నిటికన్నా మన ఊళ్లలో ఇబ్బంది పెట్టేది ఉప్పునీళ్లు. బోరునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి, అది ప్యాడ్ లోతుల్లో కూర్చుంటుంది. దానిలో మూత్రం ఇరుక్కుని, మళ్లీ తడవగానే కళ్లు మండే ఘాటైన వాసన కొడుతుంది. అప్పుడు డైపర్ పాడైందనుకుంటారు. పాడవలేదు. సబ్బు బిళ్ల మానేసి డిటర్జెంటు వాడాలి, ఉప్పునీళ్లకు కాస్త ఎక్కువ వేయాలి, వీలైతే చివరి జాడింపు మంచినీళ్లతో చేయాలి.

మలం ఉంటే ముందు దాన్ని మరుగుదొడ్లో దులిపేసి చన్నీళ్లతో కడగాలి. మూత్రపు గుడ్డనైనా జాడించి పిండి, గాలి ఆడే బుట్టలో వేయాలి. బకెట్ నీళ్లలో రోజుల తరబడి నానబెట్టొద్దు. వాసన పెరుగుతుంది, సాగే పట్టీ దెబ్బతింటుంది. రెండు మూడు రోజులకు మించి పోగుచేయొద్దు. మిషన్‌లో అయితే ఒకసారి ఊరికే తిప్పి, ఆ మురికి నీళ్లు పోయాక 40 నుంచి 60 డిగ్రీల వేడిలో డిటర్జెంటుతో అసలు ఉతుకు. ప్యాడ్లను ఎర్రటి ఎండలో ఆరేయాలి. మరకలు ఎండకే పోతాయి. పియుఎల్ పైగుడ్డను మాత్రం నీడన గాలికి వదలాలి. మితిమీరిన వేడికీ బ్లీచింగుకూ అతికించిన పొర విడిపోతుంది. వానాకాలంలో సగం తడి ప్యాడ్లు మడిచి పెట్టేకన్నా, ఆ నాలుగు రోజులూ పాత గోచి గుడ్డలకు వెళ్లడం మేలు. పలుచటి గుడ్డ ఫ్యాను కింద కూడా ఆరుతుంది. ఏ డైపరైనా, పైకి పొడిగా ఉన్నా, పగలు రెండు మూడు గంటలకోసారి విప్పాలి. మలం అయితే వెంటనే.

పర్యావరణం మాట కూడా నిజాయితీగా చెప్పాలి. 2008లో బ్రిటన్ పర్యావరణ సంస్థ లెక్కలు కట్టింది. ఒక బిడ్డకు రెండున్నరేళ్ల పాటు పారేసే డైపర్లు వాడితే సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన భారం, ఉతికే డైపర్లు వాడితే సుమారు 570 కిలోలు. ఆ లెక్క ప్రకారం ఊరికే గుడ్డకు మారితే ఒరిగేది లేదు. అయితే మిషన్ నిండుగా వేసి, దండెం మీద ఆరేసి, అవే డైపర్లు రెండో బిడ్డకూ వాడితే దాదాపు 200 కిలోలు తగ్గుతాయని అదే నివేదిక చెప్పింది. దండెం మనకు కొత్త కాదు. అక్క బిడ్డ గుడ్డలు చెల్లెలి బిడ్డకు ఇవ్వడమూ కొత్త కాదు. చెత్త సంగతి వేరే లెక్క. మన ఘన వ్యర్థాల నిబంధనలు వాడిన డైపర్‌ను చుట్టి విడిగా ఇవ్వమంటున్నాయి. ఏ ఊళ్లో ఎంతమంది ఇస్తున్నారో చెత్తబండి వెనక నడిచే పారిశుద్ధ్య కార్మికులను అడిగితే చెబుతారు. ఆ ముద్దలను చేత్తో విడదీసేది వాళ్లే.

ఇంతా చెప్పి ఒక్క మాట. ఈ కథలోని తల్లులంతా తమ మీద పడిన చాకిరీనో, బిడ్డ పడే బాధనో తగ్గించుకోవడానికే కత్తెర పట్టారు. వాళ్లు కనిపెట్టిన వస్తువును పురిటి నడుం నొప్పితో ఉన్న తల్లి ఒక్కతే ఉతకాలంటే అది వాళ్ల పనికి ద్రోహం. కాబట్టి ఒకేసారి రెండు డజన్లు కొనకండి. నాలుగైదు కొని పగటిపూట మాత్రమే కట్టి చూడండి. రాత్రికీ ప్రయాణానికీ పారేసేవి వాడితే తప్పేం లేదు. కొనేముందే, ఏ రోజు ఎవరు ఉతుకుతారో, ఎవరు ఆరేస్తారో భార్యాభర్తలిద్దరూ కూర్చుని తేల్చుకోండి. తండ్రి వంతు తేలకపోతే ఇంకా కొనొద్దు.