మంట లేని ఇంధనం

దీప్తిని తెలిపే 'ఇంధ్' ధాతువు నుండి పుట్టినది 'ఇంధనం' అన్న మాట. మండేది, వెలిగేది అని భావం. అయితే రసాయన శాస్త్రం 'ఇంధన ఘటం' అని పిలిచే సాధనంలో ఇంధనం ఉంటుంది గాని మంట ఉండదు. పేరులోనే వైరుధ్యం గల ఈ ఘటం లోకానికి అక్కరకు రావడానికి నూట ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది.

ఉదజని, ఆమ్లజని కలిస్తే నీరు. రెండు గ్రాముల ఉదజని నీరుగా మారేటప్పుడు సుమారు 286 కిలోజౌళ్ళ శక్తి వెలువడుతుంది. నిప్పంటిస్తే అదంతా వేడిగా పోతుంది. వాయువులను నేరుగా కలవనీయక, నడుమ ఒక ద్రావణాన్ని నిలిపి, ఎలక్ట్రాన్లను వెలుపలి తీగ గుండా నడిపిస్తే, సిద్ధాంతరీత్యా అందులో 237 కిలోజౌళ్ళ వరకు విద్యుత్తుగా రాబట్టవచ్చును. చర్య ఒక్కటే, దారి వేరు.

ఈ దారికి తొలి మెట్టు వేసినవాడు ఇటలీ దేశీయుడైన వోల్టా. వెండి, తుత్తునాగం (జింకు) బిళ్ళలను జతలుగా పేర్చి, జతకూ జతకూ నడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలుంచి, నిలకడగా ప్రవహించే విద్యుత్తును పుట్టించాడు. ఆ సంగతిని 1800 మార్చి 20న లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షునికి లేఖగా వ్రాశాడు. ఆ ఏడే నికల్సన్, కార్లైల్ అనే ఆంగ్లేయులు అటువంటి దొంతరతోనే నీటిని రెండు వాయువులుగా విడగొట్టారు.

విద్యుత్తు నీటిని విడగొట్టగలిగితే, ఆ వాయువులు తిరిగి కలిసేటప్పుడు విద్యుత్తును తిరిగి ఇవ్వవా? 1839లో వేల్స్ దేశీయుడు విలియం గ్రోవ్ ప్రయోగం చేసి, ఇస్తాయని చూపాడు. దాదాపు అదే కాలంలో బాసెల్ నగరంలో షోన్‌బైన్ కూడా ఈ ఫలితాన్నే గమనించాడు. సజల గంధకామ్లంలో ప్లాటినం రేకులు నిలిపి, గ్రోవ్ 1842లో 'వాయు బ్యాటరీ'ని నిర్మించాడు. ఆయన వృత్తికి న్యాయవాది, తరువాత న్యాయమూర్తి. ప్రకృతి శక్తులన్నీ ఒకదానిలోనికొకటి మారగలవని 1846లో గ్రంథమే ప్రకటించాడు.

కాని లోకం ఆ ఘటాన్ని పక్కన పెట్టింది. ప్లాటినం ఖరీదైనది, వచ్చే విద్యుత్తు స్వల్పం. ఇంతలో డైనమోలు వచ్చాయి. బొగ్గు మండించి విద్యుత్తు తీయడం చౌకయింది. ఆవిరియంత్రంలో బొగ్గు శక్తి చాలావరకు వృథా అవుతున్నదనీ, మండించకుండా విద్యుత్తుగా మార్చే ఘటమే శరణ్యమనీ 1894లో ఓస్ట్‌వాల్డ్ చెప్పినా, ఆ కోరిక నెరవేరలేదు.

1932లో ఫ్రాన్సిస్ థామస్ బేకన్ అనే ఆంగ్ల ఇంజనీరు ఈ విషయాన్ని చేపట్టాడు. ప్లాటినానికి బదులు నికెలు, ఆమ్లానికి బదులు క్షారం వాడి, ఇరవై ఏడేళ్ళు శ్రమించి, 1959లో 5 కిలోవాట్ల ఘటమాలను నడిపి చూపాడు. దాని ఆధారంగానే అపోలో నౌకల ఇంధన ఘటాలు తయారయ్యాయి. చంద్రయాత్రికులకు వెలుగిచ్చినది ఆ విద్యుత్తు; దాహం తీర్చినది ఆ చర్యలో పుట్టిన నీరే!

అయితే 1970 ఏప్రిల్ 13న, అపోలో 13 నౌకలో ఆమ్లజని తొట్టి పేలింది. ఘటాలు చెడక ముందే వాటి ఆహారం చెడింది. కొన్ని గంటలలో మూడు ఇంధన ఘటాలూ మూగవోయాయి. విద్యుత్తుతో పాటు నీరూ కరవైంది. ముగ్గురు యాత్రికులు చంద్రశకటంలో తలదాచుకున్నారు. ఏప్రిల్ 17న భూమిని చేరేవరకు వారిని బ్రతికించిన బ్యాటరీలు ఏవనుకున్నారు? వెండి, తుత్తునాగాలతో చేసినవే! అందులోని వెండి ఆక్సైడు రూపంలో ఉంటుంది గాని, లోహాల జంట మాత్రం వోల్టా నాటిదే.

బ్యాటరీ గాదె వంటిది; ఉన్నంతవరకే పెడుతుంది, కాని ఉన్నది తనలోనే ఉంటుంది. ఇంధన ఘటం కాలువ కింది మాగాణి వంటిది. పైనుండి నీరు వస్తున్నంతకాలం పండుతూనే ఉంటుంది, కాలువ తెగితే ఎండుతుంది. నేడు ఉదజని బస్సులను, కార్లను గురించి ఘనంగా చెప్పుకుంటున్నాము. ఘటం గొప్పదే. కాని ఆ ఉదజని ఎక్కడి నుండి వస్తున్నది, దానిని తీయడానికి ఏది మండుతున్నది అన్న ప్రశ్నను మరువరాదు. ఘటంలో మంట లేనంత మాత్రాన, మంట ఎక్కడా లేదని కాదు గదా!