పరిమిత సమూహాల సంఖ్య

బీజగణితంలో సమూహం అనగా ఒక సమితి, అందులోని రెండు మూలకాలకు అదే సమితిలోని ఒక మూలకాన్ని జతచేసే పరిక్రియ. ఈ పరిక్రియకు సాహచర్య ధర్మం, తత్సమ మూలకం, ప్రతి మూలకానికీ విలోమం ఉండాలి. సమూహంలోని మూలకాల సంఖ్యను దాని తరగతి అంటారు. మూలకాల పేర్లు వేరైనా నిర్మాణం ఒకటే అయితే ఆ సమూహాలు తుల్యరూపాలు. వాటిని ఒకటిగానే లెక్కిస్తారు. ఇచ్చిన తరగతికి ఇలా ఎన్ని భిన్న సమూహాలున్నాయో కనుగొనడమే ఈ సమస్య. 1854లో ఆర్థర్ కేలీ 4, 6 తరగతుల సమూహాలను పరిశీలించి, ఒక్కొక్క తరగతికి రెండేసి ఉన్నాయని చూపాడు.

చిన్న తరగతులు

తరగతి ప్రధాన సంఖ్య అయితే చక్రీయ సమూహం ఒక్కటే ఉంటుంది. ఇది లగ్రాంజ్ సిద్ధాంతం నుండి వస్తుంది. తరగతి రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధమైతే, పెద్దదాని నుండి 1 తీసివేయగా వచ్చినదాన్ని చిన్నది నిశ్శేషంగా భాగించినప్పుడు రెండు సమూహాలు, లేనిచో ఒకటే. ఉదాహరణకు తరగతి 6కు రెండున్నాయి: ఒకటి చక్రీయ సమూహం, రెండవది సమబాహు త్రిభుజపు సౌష్ఠవాల సమూహం. తరగతి 15కు ఒకటే ఉంది.

రెండు ఘాతాలు

సమూహాల సంఖ్య తరగతి పరిమాణంపై కంటే దాని ప్రధాన కారణాంకాలపై ఎక్కువగా ఆధారపడుతుంది. ఒకే ప్రధాన సంఖ్య పలుమార్లు కారణాంకమైతే, చిన్న సమూహాల నుండి పెద్దవాటిని నిర్మించే మార్గాలు విపరీతంగా పెరుగుతాయి.

* తరగతి 8: 5
* తరగతి 16: 14
* తరగతి 32: 51
* తరగతి 64: 267
* తరగతి 128: 2,328
* తరగతి 256: 56,092
* తరగతి 512: 1,04,94,213

తరగతి 1024

1021 ప్రధాన సంఖ్య కనుక ఆ తరగతికి సమూహం ఒక్కటే. 1024 మాత్రం 2 యొక్క పదవ ఘాతం. ఆ తరగతి సమూహాలు 4,948 కోట్ల 73 లక్షల 65 వేల 422 అని బేషె, ఐక్, ఓబ్రయన్ లెక్కించారు. 2002లో వారు 2000 వరకు గల తరగతుల సమూహాలపై తమ కృషిని ప్రచురించారు. 1024 తరగతి సమూహాలను విడివిడిగా నిర్మించలేదు, సంఖ్యను మాత్రమే గణించారు. సుమారు రెండు దశాబ్దాలు ఈ సంఖ్యే ప్రామాణికంగా నిలిచింది. తరువాత డేవిడ్ బరెల్ ఇందులో 1,867 తక్కువ పడినట్లు చూపాడు. సరైన సంఖ్య 4,948 కోట్ల 73 లక్షల 67 వేల 289.

వీటిలో వినిమయ ధర్మం గలవి 42 మాత్రమే. 10ని ధన పూర్ణసంఖ్యల మొత్తంగా వ్రాసే విధానాల సంఖ్య కూడా 42 కావడం కాకతాళీయం కాదు. ప్రధాన సంఖ్యా ఘాతమైన తరగతికి వినిమయ సమూహాల సంఖ్య ఆ ఘాతాంకపు విభజనల సంఖ్యకు సమానం. ఈ విభజనల సంఖ్యకు ఉజ్జాయింపు సూత్రాన్ని హార్డీ, శ్రీనివాస రామానుజన్ 1918లో ప్రచురించారు. అన్ని సమూహాలనూ కలిపి, ఏ తరగతికైనా వర్తించే సులభ సూత్రం తెలియదు. 2048 తరగతి సమూహాల కచ్చితమైన సంఖ్య ఇంకా తేలలేదు.